సలహా ఇవ్వని మనిషి

మా శింగనమలలో వాన తప్ప అన్నీ అడక్కుండానే దొరుకుతాయి. వాటిలో మొదటిది సలహా. నిద్ర పట్టడం లేదని రచ్చకట్ట దగ్గర నోరు జారితే చాలు. ఒకరు పాలలో గసగసాలు వేసుకుని తాగమంటారు, ఒకరు దిండు కింద ఇనప ముక్క పెట్టుకోమంటారు, మూడో ఆయన "పగలంతా ఒళ్లొంచి పని చేస్తే నిద్ర ఏంటికి రాదప్పా" అని మన బతుకునే తప్పుపడతాడు. ఎప్పటినుంచి పట్టడం లేదని మాత్రం ముగ్గురిలో ఒక్కరూ అడగరు. అడిగితే మనం చెప్పాలి, మనం చెబితే వాళ్లు వినాలి. ఆ లోపల బస్సు వచ్చేస్తుంది.

ఋష్యశృంగుడు తపస్సు చేసిన కొండ మా ఊరి కొండేనని, ఊరికి ఆ పేరు కూడా ఆయన వల్లనే వచ్చిందని మా పెద్దల మాట. కాలు పెట్టగానే అంగదేశపు కరువు తీరి వాన కురిసిందని పురాణాలు చెప్పే ముని, తను తపస్సు చేసిన చోటు మీద మాత్రం ఎందుకో దయ చూపలేదు. మా జిల్లాకు ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల పైచిలుకు, అదీ పడిన ఏడు. ఇలాంటి నేల మీద పుట్టినవాడికి అక్షరాలకంటే ముందు ఓర్పు నేర్పుతారు. "తట్టుకో", "గుండె దిటవు చేసుకో", "నీకంటే కష్టపడేవాళ్లు లేరా". చూడటానికి సలహాల్లాగే ఉంటాయిగానీ, ఈ మూడింటి అర్థం ఇక నోరు మూసుకోమనే.

నేను బడిపంతులును. సలహాలిచ్చినందుకు ప్రభుత్వం నాకు జీతమిస్తుంది. నాన్న పోయిన ఏడాది నాకు నిద్ర చెడింది. రాత్రి మూడుకు మెలకువ వచ్చి, తెల్లారేదాకా మిద్దె మీద అటూ ఇటూ తిరగడం అలవాటైంది. బళ్లో పిల్లల మీద, ఇంట్లో గిన్నెల మీద కోపం. అమ్మ గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకుంది. మేనమామ కసాపురం ఆంజనేయస్వామి పేరు చెప్పి తాయెత్తు కట్టాడు. కడపటికి మా ఇంటామె, "ఇన్ని చేసినారు కదా, అనంతపురంలో ఎవరో మేడమ్ ఉందంట, మాటలతోనే నయం చేస్తాదంట, ఒకసారి పోయిరాండి" అంది. "మాటలకు నేను దుడ్లియ్యాల్నా? మాటలు అమ్ముకునే కదా నేను బతుకుతాండేది" అన్నాను.

అన్నానుగానీ, వెళ్లాను. సాయినగర్‌లో ఒక మేడ మీద గది. రెండు కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కొంచెం వారగా వేసి ఉన్నాయి, చూపు కలపాలని లేనప్పుడు కిటికీ వైపు చూసుకునే వీలుగా. గోడ గడియారం ఇద్దరికీ కనబడేచోట. ఒక చెంబు నీళ్లు, రెండు గ్లాసులు. ఆమె నాకంటే బాగా చిన్నది, నా దగ్గర చదువుకున్న పిల్ల ఈడు ఉంటుంది. ముప్పావు గంట మాట్లాడించింది. ఫీజు తీసుకుంది. మెట్లు దిగుతుంటే అర్థమైంది: ఆమె ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. పాఠం మొదలుపెట్టకుండానే గంట కొట్టేసిన మాస్టారిని చూసినట్టు ఆ మేడ వైపు తిరిగి చూశాను.

థెరపీకి వెళ్లబోయేవాళ్లు దేనికి సిద్ధపడి వెళ్లాలని నన్నెవరైనా అడిగితే ముందు చెప్పేది ఇదే. ఏడవాల్సి వస్తుందేమోనని, పిచ్చివాడి కింద జమకడతారేమోనని భయపడతారుగానీ, నిజంగా సిద్ధపడాల్సింది ఆ ఖాళీ చేతుల తిరుగు ప్రయాణానికి. ఇంటికి రాగానే "ఏం చెప్పింది?" అని అడుగుతారు. ఏమీ చెప్పలేదంటే "మరి దేనికిచ్చినావ్ అంత దుడ్లు?" అంటారు. వాళ్ల తప్పు లేదు. సోది చెప్పే ఎరుకలామె చేట ముందు కూర్చోగానే మన సంగతి తనే చెప్పేస్తుంది. జాతకం చూసే అయ్యవారు చెబుతాడు, ఆసుపత్రిలో డాక్టరు చీటీ రాస్తాడు. మన కష్టం గురించి మనకంటే ఎదుటివాడికే ఎక్కువ తెలిసి ఉండాలనేది ఇక్కడి లెక్క. తెలియకపోతే వాడి దగ్గరికి పోవడం దేనికి?

నేను గుడినీ సోదినీ ఎగతాళి చేసే రకం కాదు. ఊగిపోతూ, జుట్టు విరబోసుకుని, ఇంట్లో అనలేని మాటలన్నీ దేవుడి పేరు మీద అరిచి, ఏ నిందా పడకుండా ఇంటికి వచ్చే వీలు మా ఆడవాళ్లకు తరతరాలుగా గుడి ముందర తప్ప ఇంకెక్కడ దొరికింది? ఆ అరుపులోనూ ఒక చికిత్స ఉంది. కానీ అరిచింది ఫలానా కోడలేనని ఎవరూ ఒప్పుకోరు, ఒంటి మీదికి వచ్చిన గాలి అంటారు. మరుసటి రోజు ఆ కోడలికి అదే వంటిల్లు, అదే అత్త.

సినిమాలు చేసిన చెరుపు ఇంకో రకం. మన తెరమీద మానసిక వైద్యుడంటే ఒకటి హాస్యగాడు, లేదా కరెంటు షాకు. ఎర్రగడ్డ అనే పేటకు హైదరాబాదులో కూరగాయల మార్కెట్టూ ఉంది, ఛాతీ ఆసుపత్రీ ఉంది. కానీ అక్కడే ఉన్న మానసిక ఆసుపత్రి వల్ల తెలుగువాళ్లంతా ఆ పేరు పలికేది వెక్కిరించడానికే.

మొదటి రోజు జరిగేది ఎక్కువగా ప్రశ్నలే. నిద్ర, ఆకలి, ఉద్యోగం, ఇంట్లో ఎవరెవరు, ఇదివరకు ఏమైనా జబ్బులు, మందు అలవాటు ఉందా, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా. మధ్యలో ఒక కాగితం ఇస్తారు. దాని మీద తొమ్మిది ప్రశ్నలుంటాయి, అన్నీ గడిచిన రెండు వారాల గురించే. ఒక్కోదానికి నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి: అసలు లేదు, కొన్ని రోజులు, సగం రోజులకు మించి, దాదాపు రోజూ. సున్నా నుంచి మూడు వరకు మార్కులు, మొత్తం 27. నా వృత్తిలో ఇన్నేళ్లకు, తక్కువ వస్తేనే పాసయినట్టు లెక్కపెట్టే పరీక్ష ఇదొక్కటే చూశాను. రాబర్ట్ స్పిట్జర్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు, ఆయన సహచరులు తయారుచేసిన ఈ పట్టిక 2001లో అచ్చయింది. పీహెచ్‌క్యూ-9 అంటారు. తెలుగులోనూ ఉంది.

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. బతకడంకంటే చచ్చిపోతేనే మేలనే ఆలోచన వచ్చిందా అని. ఆమె దాన్ని కాగితానికి వదిలేయకుండా నోటితో అడిగింది, గొంతు తగ్గించకుండా, "అన్నం తిన్నారా" అన్నంత మామూలుగా. మా వైపు ఆ మాట ఎత్తితేనే "ఛీ, అశుభం" అని నోరు నొక్కేస్తారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయం. అది నిజం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే లోపల ఉన్నది బయటికి వస్తుంది, అంతే. నా జవాబు ఇక్కడ రాయను. అలా రాయకుండా ఉండే హక్కు గురించి కూడా ఆమె మొదటి రోజే చెప్పింది.

ఈ గదిలో చెప్పింది గది దాటదు, ఏ రెండు మూడు సందర్భాల్లో తప్ప: మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందని తెలిసినప్పుడు, పిల్లల మీద లైంగిక దాడి జరిగినట్టు తెలిసినప్పుడు, న్యాయస్థానం ఆదేశించినప్పుడు. 2017లో చేసి, 2018 మే నుంచి అమలు చేస్తున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ గోప్యతను రోగి హక్కుగా రాసింది. చట్టం సరే. శింగనమల బస్సు సంగతో? అనంతపురం బస్టాండులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోగానే వెనక సీటు నుంచి "సార్, ఈ వేళప్పుడు ఇక్కడెందుకుండారు?" అని వినబడుతుంది. కండ్లు చూపించుకోవడానికి వచ్చానని నేను చెప్పిన అబద్ధాన్ని లెక్కేస్తే ఈపాటికి నాకు మూడో కన్ను కూడా పరీక్ష అయిపోయి ఉండాలి. ఆ అబద్ధం ఇప్పుడు మానేశాను. మానేశాక తెలిసింది, ఆ బస్సులో కండ్ల డాక్టరు పేరు చెప్పుకునేవాణ్ని నేనొక్కణ్నే కాదని.

సలహా ఇవ్వకుండా ఆమె చేసేదేమిటో అర్థం కావడానికి నాకు చాలా రోజులే పట్టింది. నాన్న పోయిన పదకొండు రోజుల సంగతి చెబుతున్నాను. పెద్దకొడుకును. వంటవాళ్లను పిలవడం, షామియానా, బంధువులను బస్సు దగ్గర దింపడం, అన్నీ నేనే. ఏడుపు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు భుజం మీద చెయ్యేసి "నువ్వే ఇట్లయితే ఎట్లప్పా, మీ అమ్మను ఎవరు చూసుకుంటారు" అనేవారు. ఇదంతా చాలా సమర్థంగా, ఒక కార్యక్రమం ఎలా జరిపించానో వివరించే ధోరణిలో చెప్పుకుపోయాను. ఆమె కాసేపు ఊరుకుని, "అంటే, ఆ పదకొండు రోజుల్లో మీరు ఒక్కసారి కూడా ఏడవలేదు" అంది. నా మాటే. నేను చెప్పిందే. దాన్ని తిప్పి నా ముందు పెట్టింది, అంతకుమించి ఏమీ చేయలేదు. నాకు గొంతు పూడుకుపోయింది. ఆమె గ్లాసు నా వైపు జరిపింది, "ఏడవకండి" అనలేదు. అప్పటికి నా జీవితంలో నా ఎదుట కూర్చుని ఆ మాట అనకుండా ఉన్న మొదటి మనిషి ఆమే.

ఇదంతా మంచితనం అనుకుంటే పొరపాటు. ఇది పనితనం. 1940ల్లో, 50ల్లో అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే సైకాలజిస్టు, ఎదుటి మనిషి మాటను తీర్పు లేకుండా విని, అతనికే స్పష్టంగా వినిపించడాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టాడు. అప్పట్లో ఆయన్ని ఊరికే చిలకపలుకులు పలికేవాడని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. ఆ చిలకపలుకు ఎంత కష్టమో తెలియాలంటే ఇంటికెళ్లి ఒక్క పూట ప్రయత్నించండి. మా అబ్బాయి లెక్కల్లో తక్కువ వచ్చాయని దిగులుగా వచ్చి కూర్చున్నాడు. "రోజూ గంట లెక్కలు చెయ్యి" అనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని మింగడానికి నాకు పట్టిన శ్రమ, ఎండలో సైకిలు తొక్కితే కూడా పట్టదు.

అలాగని థెరపీ అంతా వినడంతో అయిపోదు. ఇందులో రకరకాల బళ్లున్నాయి. నాకు ఎదురైన దాన్ని సీబీటీ అంటారు. ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే డాక్టరు 1960ల్లో మొదలుపెట్టాడు. మంచి బడే, ఎందుకంటే హోంవర్కు ఉంటుంది. నోటుబుక్కులో గీతలు గీసి రాయాలి: ఎప్పుడు, ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏ మాట మెదిలింది, ఆ మాటను ఎంత నమ్ముతున్నాను. రాత్రి మూడుకు నా మనసులో మెదిలే మాట ఒకటే. నాన్న పేరు నా చేతిలో చెడిపోతుంది. నూటికి తొంభై నమ్మకం అని రాశాను. "అట్లా అనుకోకండి సార్" అంటుందేమో అనుకున్నాను. అనలేదు. "ఇది నిజమని చెప్పే సాక్ష్యాలు ఒక పక్క, కాదని చెప్పేవి ఒక పక్క రాసుకు రండి" అంది.

సాక్ష్యం ఉంది మరి. మాకు మూడెకరాల మెట్ట ఉంది. నాన్న చేతి అప్పుల పుస్తకం ఉంది, పాత డైరీ, అట్ట ఊడిపోయింది. అందులో ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు, మొత్తాలు. కొన్నిటికి నోటు ఉంది, కొన్నిటికి మాటే. విత్తనాల కొట్టు, ఎరువుల కొట్టు, కరెంటు మోటారు బాగుచేసినాయన, ఒక చిన్నాన్న. కొన్ని తీరినవో తీరనివో కూడా తెలియదు. రాత్రిపూట ఆ పుస్తకం మొత్తం ఒకే ముద్దగా నా గుండె మీద కూర్చునేది. ఆమె దాన్ని తెమ్మంది. తెచ్చాను. ఇద్దరం ఒక తెల్లకాగితం మీద వరసగా రాశాం. "వీటిలో ఈ వారంలో మీరు కదిలించగలిగింది ఏది?" అని అడిగింది. ఏది తీర్చగలను అని కాదు, ఏది కదిలించగలను అని. ఎరువుల కొట్టుకు వెళ్లి, అసలు బాకీ ఎంతో కనుక్కోవచ్చునన్నాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరితో మాట్లాడతారు, ఏమంటారు, ఆయన కోప్పడితే ఏం చేస్తారు. ఆ ముప్పావు గంటా ఒక ఎరువుల కొట్టు గురించే. మంగళవారం బడి వదిలాక వెళ్లాను. కొట్టాయన పుస్తకం తీసి చూసి, "ఇది మీ నాయన పోయినేడే కట్టేసినాడు కద సార్" అన్నాడు. ఇంకో రెండు పేర్ల దగ్గర మాత్రం బాకీ మేమనుకున్నదానికంటే ఎక్కువే తేలింది. అది కూడా చెప్పాలి.

ఇక్కడ ఆగి ఒక మాట. మా జిల్లాలో అప్పు అనగానే అందరికీ గుర్తొచ్చేది వేరుశనగ రైతుల చావులు. 2004లో ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి సాయం అందాలంటే అధికారుల కమిటీ విచారించి, ఆ చావు అప్పుల వల్లనే జరిగిందని తేల్చాలి. ఇంటికి వస్తారు. పాసుపుస్తకం అడుగుతారు, అప్పులు ఎవరెవరి దగ్గర, ఎంతెంత, పంట ఎన్నేళ్లు పోయింది, చివరి రోజుల్లో ఎలా ఉండేవాడు, నిద్రపోయేవాడా. ఆ ప్రశ్నలన్నీ సరైనవే. ఆయన బతికుండగా ఎవరైనా వచ్చి అడగాల్సినవి. ఇందులోనే ఇంకో ప్రమాదమూ ఉంది: బీమా సొమ్ము రాలేదని రైతు నిలదీస్తే "మీకు కౌన్సెలింగ్ పెట్టిస్తాం" అనే పెద్దమనుషులను నేను నమ్మను. ఏ థెరపిస్టూ వాన కురిపించలేరు, గిట్టుబాటు ధర ఇప్పించలేరు. ఇప్పించగలనని చెప్పే థెరపిస్టు దగ్గరికి వెళ్లకండి. ముద్దగా కూర్చున్న పుస్తకాన్ని మళ్లీ పేర్లుగా, అంకెలుగా చదవగలిగే స్థితికి మనిషిని తేవడం, అంతవరకు చేయగలరు. అప్పులో ఉన్నవాడికి అదేమీ చిన్న సంగతి కాదు.

కొన్ని సంగతులు త్వరగా చెప్పేస్తాను. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, వారికి భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగడానికి మొహమాటపడక్కర్లేదు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు, వారాంతపు శిక్షణతో వచ్చినవాళ్లూ ఉన్నారు. కొందరికి మాటలు చాలవు, మందులూ కావాలి. దిగులుకిచ్చే మందులు తలనొప్పి మాత్ర మాదిరి గంటలో పనిచేయవు, కొన్ని వారాలు పడుతుంది. తగ్గిందని మనంతట మనం టక్కున ఆపకూడదు. ఆ మనిషితో కుదరలేదనిపిస్తే అదే మాట వాళ్లతో చెప్పి వేరేవాళ్లను చూసుకోవచ్చు. ఏ పద్ధతి అనేదానికంటే, ఇద్దరికీ ఎలా కుదిరిందనేది ఫలితాన్ని ఎక్కువగా మారుస్తుందని ఈ రంగంలో చాలాకాలంగా గమనించినవాళ్ల మాట.

ఇంకొకటి. మొదట్లో కొన్ని వారాలు ముందుకంటే ఎక్కువ అలసట ఉంటుంది. అణచిపెట్టింది కదులుతుంది. ఒకరోజు బుక్కరాయసముద్రం దాటేదాకా బస్సులో తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకునే కూర్చున్నాను. ఇది పనిచేయడం లేదనిపిస్తుంది, మానేయాలనిపిస్తుంది. సరిగ్గా ఆ వారం మానకుండా వెళ్లి, ఇది పనిచేయడం లేదని ఆమెకే చెప్పండి. థెరపీలో అదీ ఒక పాఠమే. ఎదుటి మనిషి నొచ్చుకుంటుందేమో అనే భయం లేకుండా నిజం చెప్పే అలవాటు మనకు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు అసలు చిక్కు. నాకు నెల జీతం ఉంది, సెలవు పెట్టుకునే వీలుంది, అనంతపురం గంట దూరంలో ఉంది. మా తరిమెల పక్కన కూలికిపోయే మనిషికి? పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఉంది, డబ్బు తీసుకోరు. కానీ ఆ వరసలో నిల్చున్నవాళ్లందరికీ ముప్పావు గంట చొప్పున ఇవ్వాలంటే ఆ డాక్టరుకు రోజుకు వంద గంటలు కావాలి. ఇది కొత్తగా తెలిసిన లోటు కాదు. దీనికి జవాబు వెతికింది మన పక్కింటివాళ్లే. 1882 దాకా మా అనంతపురం కూడా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ బళ్లారిలో, 1980ల నడుమ, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఒక ప్రయోగం చేశారు. పెద్ద ఆసుపత్రికి రోగి వెళ్లడం కాకుండా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ, ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి, అక్కడికక్కడే మనోవ్యాధులను గుర్తించి మందులిచ్చారు. ఆ నమూనాతోనే 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టింది. మొదట తీసుకున్న నాలుగు జిల్లాల్లో ఒకటి అప్పటి ఆంధ్రప్రదేశ్‌ది. మందులదాకా ఈ దారి బాగానే నడిచింది. మాట దగ్గరే ఆగిపోయింది.

మాట కూడా ఊళ్లోనే దొరకవచ్చని చూపించినవాళ్లున్నారు. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో పద్నాలుగు మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో చెక్క బల్లల మీద కూర్చోబెట్టాడు. వాళ్లు చేసేది నా అప్పుల పుస్తకంతో జరిగిందే: కష్టాలన్నీ చెప్పించడం, ఒకటి ఎంచుకోనివ్వడం, దానికి ఒక అడుగు ఆలోచింపజేయడం. 2016లో అచ్చయిన పరీక్షా ఫలితాల్లో మామూలు వైద్యం పొందినవాళ్లకంటే ఆ అవ్వల దగ్గర కూర్చున్నవాళ్లే మేలుగా తేరుకున్నారు. మన గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిందీ ఇలాంటిదే. డాక్టర్లు కాని మామూలు మనుషులు ఆరు నుంచి ఎనిమిది విడతల్లో తీవ్రమైన దిగులును తగ్గించగలరని 2017లో లెక్కలతో చూపించారు. వినగానే "మాకు అవ్వలకేం కొదువ" అనిపిస్తుంది. అవ్వలకు కొదువ లేదు నిజమే. కానీ ఆ హరారే అవ్వల పనిలో సలహా ఇవ్వకుండా ఆపుకోవడం కూడా ఉంది. మా రచ్చకట్ట మీద దాన్ని నేర్పాలంటే ఏ డాక్టరుకైనా సాహసం కావాలి.

ఫోను దారి ఒకటుంది. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయవాణి మొదలైంది. 14416కు చేస్తే రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. చావు ఆలోచన గుచ్చుతున్న రాత్రి ఆ నంబరు దగ్గరుండటం అవసరం. కానీ మా ఇళ్లలో ఒంటరిగా ఫోను మాట్లాడే చోటేది? లోపలి గదిలో సిగ్నల్ ఉండదు. మిద్దె మీద ఉంటుంది, పక్క మిద్దె వాళ్లకు వినబడుతుంది. మగవాళ్లు చేను గట్టుకు పోతారు. ఆడవాళ్లు ఒంటరిగా గట్టుకు పోయి ఫోను మాట్లాడితే, దాని గురించి ఇంకో పది సలహాలు మొదలవుతాయి.

అసలు విచిత్రం, అడగాల్సిన ప్రశ్న ఇప్పటికే మా గడప దాకా వచ్చి ఉంది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు ముప్పు ఉందేమో చూడటానికి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే ఫారంలో, చివర, ఆ తొమ్మిదింటిలో మొదటి రెండు ప్రశ్నలూ ఉన్నాయి. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, మనసు దిగులుగా ఉందా. మా వీధిలో ఆశా అడుగుతుంటే విన్నాను. అరుగు మీద అత్త చెనక్కాయలు ఒలుస్తోంది. మొగుడు గడపలో నిలబడి ఫోను చూస్తున్నాడు. ఎదురింటామె బిందెతో ఆగింది. కోడలు నవ్వి, "నాకేమక్కా, బాగుండా" అంది. ఆశా సున్నా వేసుకుంది. రెండోదానికీ సున్నా.

నాకు తెలిసిన ఇంకో ఆశా ఉంది, వేరే ఊరు. ఆమె ఆ రెండు ప్రశ్నల దగ్గరికి రాగానే ఆగి, "బీపీ చూడాల, లోపలికి రా పాపా" అంటుంది. తలుపు దగ్గరికి వేసి, చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టకుండా కాసేపు అట్లే కూర్చుంటుందట. ఒక్కోసారి ఆ ఇంట్లోనే ముప్పావు గంట పోతుంది. ఆ పూట నింపాల్సిన మిగతా ఫారాలు మరునాటికి పడతాయి, మరునాడు ఆలస్యమెందుకని పైనుంచి ఫోను వస్తుంది.